స్ట్రాంగ్ నుంచి లైట్ బీరుకి మారినవాళ్లున్నారా? నాలుక ఒప్పుకోవట్లేదు

హన్మకొండ_చౌరస్తా:

అన్నలూ, కొంచెం నవ్వకుండా చదవండి. నా వయసు 39. ఇంజనీరింగ్ అయిపోయిన దగ్గర్నుంచి స్ట్రాంగ్ బీరే తాగుతున్నా. లైట్ అనేది ఒకటుందని తెలుసు గానీ, అది మామగారి ముందు మొహమాటానికి తాగే సరుకు అనుకునేవాణ్ని. శనివారం సిట్టింగ్‌లో రెండు సీసాలు, దావత్ ఉంటే మూడు. రోజూ తాగే అలవాటు లేదు.

రెండేళ్లుగా ఆదివారం మొత్తం ఖరాబైపోతోంది. తొమ్మిదింటికి లేచినా తల బరువు, నోరు ఎండిపోయి ఉంటుంది. మా పాప భద్రకాళి బండ్‌కి పోదాం నాన్నా అంటే సాయంత్రం పోదాం బిడ్డా అని మళ్లీ పడుకునేవాణ్ని. వరసగా మూడు వారాలు అదే చెప్పాను, నాలుగో వారం అది అడగనే లేదు. అదొక్కటే కాదు, బీపీ కూడా కొంచెం ఎక్కువ చూపించింది. మానేస్తే మంచిది, లేకపోతే బాగా తగ్గించు అన్నాడు డాక్టరు. మానడం ఇప్పుడే నావల్ల కాదు గానీ లైట్‌కి మారదామని గట్టిగానే అనుకున్నా.

పోయిన శనివారం మొదలుపెట్టా. మొదటి సీసా బియ్యం కడిగిన నీళ్లలా ఉంది, పైగా చేదు. రెండు తాగినా ఏమీ అనిపించలేదు, మూడోది తీశా, నాలుగోది కూడా తీశా. కడుపు డప్పులా అయింది, రాత్రంతా బాత్రూం చుట్టూ తిరిగా, పొద్దున తల మాత్రం మామూలుగానే పట్టేసింది. మరి ఏం లాభం? మా బ్యాచ్ వాళ్లయితే పోరగాళ్ల బీరు అని ఒకటే ఎక్కిరింత. ఈ రుచి నిజంగా అలవాటవుతుందా, ఎన్ని రోజులు పడుతుంది?

పల్లీ_మసాలా:

నీళ్లే తాగాలనుకుంటే ఇంట్లో కుండ ఉంది కదన్నా, 650 ఎంఎల్ కొనడమెందుకు 😀

నర్సంపేట_అక్క:

తమ్ముడూ, నేను తాగను, కానీ రైసు మిల్లులో లెక్కలు రాస్తా కాబట్టి నీ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తా. మా ఆయన కూడా సరిగ్గా ఇదే తప్పు చేశాడు.

స్ట్రాంగ్ సీసా మీద 8 శాతం వరకు అని ఉంటుంది. 650 ఎంఎల్‌లో 8 శాతమంటే 52 ఎంఎల్ అసలు ఆల్కహాల్. లైట్ 5 శాతం వేసుకో, 32.5 వస్తుంది. నువ్వు ప్రతి శనివారం తాగే రెండు స్ట్రాంగ్‌లు కలిపితే 104. మొన్న తాగిన నాలుగు లైట్‌లు 130. అంటే తగ్గించుకుందామని కూర్చుని పావు వంతు ఎక్కువ తాగావు. మరి తల పట్టకుండా ఎట్లుంటది?

ఇంకో సంగతి. విస్కీ 42.8 శాతం ఉంటుంది, 60 ఎంఎల్ పెగ్గులో దాదాపు 26 ఎంఎల్ ఆల్కహాల్. నీ స్ట్రాంగ్ సీసా ఒక్కటి రెండు పెద్ద పెగ్గులతో సమానం. నేను బీరు తప్ప వేరేది ముట్టను అని మా ఆయన ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాడు, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సీసాల లెక్క రెండు దగ్గరే ఆపు, అప్పుడే లైట్‌కి మారినట్టు. లేకపోతే పేరు మారుతుంది, అంతే.

హన్మకొండ_చౌరస్తా:

అక్కా, ఈ లెక్క నాకు తట్టనే లేదు. 130 చూసి నిజంగా సిగ్గేసింది.

కాజీపేట_జంక్షన్:

అక్క చెప్పినదాన్ని పట్టుకో. మిగతాది రుచి సంగతి, అది నేను చెప్తా, ఎందుకంటే నేను నాలుగేళ్ల కింద ఇదే దారిలో వచ్చా, మొదటి నెల నేనూ బూతులు తిట్టుకున్నా.

నువ్వు చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేసుకునేవాడివనుకో. ఒకరోజు అర చెంచాకి దిగితే అది చాయ్ లాగే అనిపించదు. మూడు నాలుగు వారాలకి అదే చాలు అనిపిస్తుంది, ఆ తర్వాత ఎవరైనా పాత చాయ్ ఇస్తే పాకం తాగినట్టుంటుంది. బీరు కూడా అచ్చం అంతే. స్ట్రాంగ్‌లో ఎక్కువగా ఉన్న ఆల్కహాల్ నాలుక మీద తియ్యగా, చిక్కగా, గొంతులో వెచ్చగా తగులుతుంది. మనం బీరు రుచి అనుకునేది చాలావరకు అదే. అది తగ్గితే కింద ఉన్న బార్లీ రుచి, బీరులో వేసే హాప్స్ అనే పువ్వుల చేదు బయటపడతాయి. నీకు ఒట్టి నీళ్లు, చేదు రెండూ ఒకేసారి తెలిసింది అందుకే.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఏంటంటే ఒక స్ట్రాంగ్ తాగి తర్వాత లైట్ తీసుకోవడం. జిలేబీ తిని చాయ్ తాగితే ఎట్లుంటదో ఇదీ అట్లనే. కాబట్టి కలపకు. ఒక నెల స్ట్రాంగ్ జోలికే పోకు. ఒక్కసారిగా 8 నుంచి 5కి దిగడం మరీ కష్టమనిపిస్తే మధ్యలో మెట్టు ఉంది, బడ్వైజర్ మాగ్నమ్ లాంటివి 6.5 శాతం ఉంటాయి. రెండు వారాలు దాని మీద ఉండి తర్వాత కింగ్‌ఫిషర్ ప్రీమియంకి రా, మన వైన్స్‌ల దగ్గర కేఎఫ్ లైట్ అని అడిగేది అదే, 4.8 శాతం.

సీసా ఎత్తి తాగడం మానెయ్. గాజు గ్లాసులో పోసుకో, రెండు వేళ్ల నురుగు రానియ్. వాసన ఆ నురుగు మీది నుంచే వస్తుంది, లైట్ బీరులో సగం రుచి వాసనే. ఆ గ్లాసుకి నూనె జిడ్డు ఉండొద్దు, ఉంటే నురుగు క్షణంలో చచ్చిపోతుంది. పర్మిట్ రూముల్లో ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసుల్లో ఏ బీరైనా ఒక్కటే.

చల్లదనం గురించి గొడవ పడేవాళ్లు చాలామంది వస్తారు, రానియ్. గడ్డ కట్టేంత చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది. స్ట్రాంగ్‌కి అది లాభం, స్పిరిట్ వాసన తెలియదు. లైట్‌కి నష్టం, ఉన్న కాస్త రుచీ పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కొద్దిసేపు ఆగి తాగు. మే నెలలో మన దగ్గర ఆ కొద్దిసేపు అంటే రెండు నిమిషాలే అనుకో, ఫ్యాన్ కింద కూర్చున్నా.

తిండి కూడా మార్చాలి. స్ట్రాంగ్‌తో కారం కారంగా బోటి ఫ్రై తింటే మంట మీద మంట, ఎందుకంటే ఆల్కహాల్ కారాన్ని ఇంకా ఎగదోస్తుంది. లైట్‌తో అదే బోటి హాయిగా దిగుతుంది. నాకు బాగా కుదిరింది మాత్రం సర్వపిండి. అంచు కరకరలాడేలా కాల్చి, పల్లీలు, నువ్వులు పంటి కింద పడుతుంటే మధ్యలో ఒక్కో గుక్క. ఉడకబెట్టిన పల్లీలూ బాగుంటాయి. చిప్స్ ప్యాకెట్ వద్దు, ఆ ఉప్పుకి దాహమేసి గడగడా తాగేస్తావు.

ఈతవనం:

మాది పర్కాల దగ్గర ఊరు, మా తాత గీత పని చేసేవాడు. మీరంతా లైట్ అంటే కొత్త విషయంలా మాట్లాడుతుంటే నవ్వొస్తోంది. మనవాళ్లు తరతరాలుగా తాగింది లైటే కదా. పొద్దున చెట్టు దిగిన కల్లు తియ్యగా ఉంటుంది, కిక్ పెద్దగా ఉండదు. లొట్టిలో పడ్డ క్షణం నుంచే పులవడం మొదలు, పొద్దు పోయేకొద్దీ తీపి తగ్గి పులుపు, మత్తు పెరుగుతాయి. మామూలుగా అది స్ట్రాంగ్ బీరు అంత ఘాటెక్కదు. మా తాత పొద్దటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు అని వాసన చూసి చెప్పేవాడు. మండువ దగ్గర, అంటే కల్లు అమ్మే చోట, తాటాకు రేకలో పోయించుకుని గంటలకు గంటలు ముచ్చట పెట్టేవాళ్లు, ఎవరూ కిక్ ఎక్కలేదని లేచి పోలేదు.

నేను లైట్‌కి మారింది ఆ గుర్తుతోనే. ఒక సీసాకి ముప్పావు గంట. ఫోన్ పక్కన పెట్టి ముచ్చట పెట్టాలి, లేకపోతే చెయ్యి ఊరికే గ్లాసు మీదికి పోతుంది.

కానీ కల్లుకి మారతా అంటే మాత్రం తెలిసిన గౌడ దగ్గర చెట్టు కల్లే తాగు. అల్ప్రాజోలం లాంటి నిద్ర మందులు కలిపిన కల్లు మన దగ్గర ఎన్ని ప్రాణాలు తీసిందో తెలిసిందే.

పల్లీ_మసాలా:

సరే జోకులు పక్కన పెడితే, బ్యాచ్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. అసలు కష్టం అదే. నలుగురు స్ట్రాంగ్ తీసుకుంటే ఒక్కడు లైట్ తీసుకున్నాడంటే వీడికి ఏదో రోగం వచ్చిందంటారు. ధరలో కూడా పెద్ద తేడా లేదు, అదే పైసలకు ఎక్కువ ఎక్కుతుంటే తక్కువ ఎందుకు కొంటారు? మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే, దానికి కారణం రుచి అని నేను నమ్మను, ఈ లెక్కే.

జమ్మికుంట_టు_మాంచెస్టర్:

పల్లీ మసాలా అన్న చెప్పింది కరెక్టు. ఇక్కడ దానికి ఉల్టా. 2023 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో పన్ను ఆల్కహాల్ శాతాన్ని బట్టి వేస్తున్నారు, 3.5 కంటే తక్కువ ఉన్న బీరుకి రేటు ఇంకా తక్కువ. పబ్బులో ముసలాళ్లు తాగే బిట్టర్ అనే బీరు 3.5, 4 మధ్యలో ఉంటుంది. వచ్చిన కొత్తలో నేనూ ఇదేం బీరురా అనుకున్నా, మన దగ్గరిలా చల్లగా కూడా ఉండదు. పక్కన కూర్చునే పెద్దాయన ఒక పింట్, అంటే 568 ఎంఎల్, గంటసేపు తాగుతాడు. నేను అదే గంటలో మూడు తాగి మిగతా సేపు ఖాళీగా కూర్చునేవాణ్ని. చూసి చూసి సిగ్గుపడి నెమ్మదించా. ఆరు నెలలకి అందులో బిస్కెట్ లాంటి వాసన, వేయించిన గింజల రుచి తెలియడం మొదలైంది. అంతకుముందు కూడా ఉండే ఉంటాయి, నేనే ఆగి చూడలేదు.

హైదరాబాద్ వెళ్తే అక్కడికక్కడే బీరు తయారుచేసే మైక్రోబ్రూవరీలో వీట్ బీర్, అంటే గోధుమ బీరు, ఒకసారి తాగి చూడు తమ్ముడూ. 5 శాతం అటూ ఇటూ ఉంటుంది గానీ పలచగా అనిపించదు. అరటిపండు, లవంగం వాసన వస్తుంది, అవి వేసి చేయరు, ఈస్ట్ నుంచే వస్తాయి. బెల్జియం వాళ్ల హోగార్డెన్ అయితే 4.9 శాతం, అందులో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. స్ట్రాంగ్ తాగినోళ్లకి వీట్ బీర్ దగ్గర వంతెన దొరుకుతుంది.

నర్సంపేట_అక్క:

ఇంకొక్క మాట. లైటే కదా అని బండి తీసేవాళ్లు ఉంటారు. 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారే 10,000 జరిమానా లేదా ఆరు నెలల జైలు, రెండూ పడొచ్చు. ఊదించేటప్పుడు ఏ సీసా తాగావని అడగరు. మా ఆయన ఇప్పుడు రెండు సీసాల మధ్య ఆల్కహాల్ లేని 0.0 బీరు ఒకటి పెట్టుకుంటాడు, చేతిలో గ్లాసు ఉంటుంది కాబట్టి బ్యాచ్ వాళ్లూ ఏమీ అనరు.

హన్మకొండ_చౌరస్తా:

ఆరు వారాల తర్వాత వచ్చా, అందరికీ థాంక్స్.

మొదటి రెండు వారాలు చిరాకే. మూడో వారం తప్పు చేశా, ఫ్రెండ్ ప్రమోషన్ పార్టీలో రెండు స్ట్రాంగ్‌లు తాగేశా, దాచడమెందుకు. కానీ తర్వాతి నెల పెద్దమ్మ కొడుకు పెళ్లిలో బావ బలవంతంగా గ్లాసులో స్ట్రాంగ్ పోస్తే మొదటి గుక్కలోనే తియ్యగా, ముక్కులోకి స్పిరిట్ వాసన కొట్టింది. సగం వదిలేశా. కాజీపేట అన్నా, నువ్వు చెప్పిన పాకం చాయ్ గుర్తొచ్చింది. ఇప్పుడు శనివారం రెండు లైట్‌లు, ఒక్కోసారి ఒకటిన్నరకే లేస్తున్నా. సర్వపిండి మా ఆవిడ చేస్తానంది గానీ శనివారం పెనం నన్నే తోమమంది, తోముతున్నా. చలికాలంలో స్ట్రాంగ్ మీదికి మనసు పోతుందేమో తెలీదు. పాప మాత్రం ఆదివారం ఆరింటికే లేపుతోంది, అదొక కొత్త బాధ.

ఒక డౌటు. మా వీధి చివర షాపులో మొన్న తీసుకున్న లైట్ సీసా ఏదో కంపు కొట్టింది, తయారీ తేదీ చూస్తే ఐదు నెలలు దాటింది. పైగా పెట్టెలు బయట ఎండలోనే ఉన్నాయి. స్ట్రాంగ్ తాగినప్పుడు ఇలాంటిది ఎప్పుడూ గమనించలేదు.

కాజీపేట_జంక్షన్:

అప్పుడూ కంపే వచ్చుంటుంది, ఘాటులో కలిసిపోయింది. ఎండ తగిలితే హాప్స్ పాడై ఆ వాసన వస్తుంది, ఆకుపచ్చ సీసాలైతే ఇంకా తొందరగా. ముదురు గోధుమ రంగు సీసా లేదా టిన్ను తీసుకో. లైట్ తక్కువ అమ్ముడయ్యే షాపులో పాత స్టాక్ పడి ఉంటుంది, లైట్ ఎక్కువ పోయే షాపు వెతుక్కో.

హన్మకొండ_చౌరస్తా:

నక్కలగుట్ట వైపు అట్లాంటిది ఏదైనా ఉందా?

పల్లీ_మసాలా:

ఉంది. ఇక్కడ రాస్తే రేపటికి స్టాక్ ఖాళీ అయిపోతుంది, మెసేజ్ పెట్టు అన్నా. నేనూ నెల నుంచి అక్కడే తీసుకుంటున్నా, మన బ్యాచ్‌కి మాత్రం చెప్పకు.