నాయనకు పొట్టలో రక్తనాళం ఉబ్బిందన్నారు, ఆగమంటున్నారు. ఆగొచ్చా?

ఆదోని_అబ్బాయి:
నాయనకు 68. బీడీ నలభై ఏళ్లుగా ఉంది, బీపీ మాత్ర గుర్తొచ్చినప్పుడే. మూత్రం సరిగా రావట్లేదని కర్నూలులో స్కానింగ్ తీయిస్తే, పొట్టలో బృహద్ధమని (గుండె నుంచి కిందికి వచ్చే పెద్ద రక్తనాళం) ఉబ్బి 4.6 సెం.మీ. అయిందని రాశారు. నొప్పే లేదు. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

సీమ_స్టాఫ్‌నర్సు:
ఆ నాళం మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది తమ్ముడూ. 3 దాటితే ఉబ్బు కింద లెక్క. మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతారు. అంతకు ముందే కోస్తే పగిలే ప్రమాదం కన్నా కోత ప్రమాదమే ఎక్కువ. బీడీ మాత్రం ఈరోజే మాన్పించు. ఉబ్బడం, పెరగడం, పగలడం... మూడింటికీ అదే ఆజ్యం. బీపీ మాత్ర రోజూ పడాలి.

కడప_మిద్దె:
మా పెదనాయనకు ఎడమ పక్క నుంచి నడుములోకి నొప్పి. మన దిక్కు అలాంటి నొప్పంటే కిడ్నీలో రాయే కదా! ఉలవకట్టు తాగించాం, నొప్పి ఇంజెక్షన్ వేయించాం. తెల్లారుజామున గోడ పట్టుకొని నిలబడ్డాడు. బనీను పిండొచ్చు, అంత చెమట. "కళ్లు తిరుగుతాండాయిరా" అన్నాడు. నాళం వెన్ను వైపు పగిలి, రక్తం అక్కడే గడ్డకట్టి కాసేపు ఆగిందంట. ముందుకు పగిలుంటే ఆ కాసేపు కూడా దక్కేది కాదన్నారు. తిరుపతికి తీసుకుపోతుంటే కోడూరు దాటలేదు. అరవై దాటి బీడీ తాగే మనిషికి కొత్తగా రాయి నొప్పి వస్తే నేనైతే ముందు స్కానింగే అంటా.

అనంత_ఆటో:
పగిలినోళ్లలో చానామంది ఆస్పత్రికే చేరరు. మా మామ చేరాడు, బెంగళూరులో ఆపరేషన్ అయింది. ఆ తర్వాతది ఎవరూ చెప్పరు. కిడ్నీలు మొరాయించి డయాలసిస్, పేగుకు రక్తం అందక ఒక ముక్క తీసేసి, మలం పోవడానికి పొట్టకు సంచి. 23 రోజులు ఐసీయూ. బతికాడు, అదే పదివేలు.

ఆదోని_అబ్బాయి:
తొడ దగ్గర నుంచి స్టెంట్ వేస్తారంట కదక్కా?

సీమ_స్టాఫ్‌నర్సు:
నాళం ఆకారం కుదిరితే వేస్తారు, త్వరగా కోలుకుంటారు. కానీ స్టెంట్ పక్క నుంచి రక్తం కారే అవకాశం ఉంది, అందుకే జీవితాంతం స్కానింగ్‌లు తప్పవు. ఇంకోటి, ఇది కుటుంబాల్లో కూడా నడుస్తుంది. నాయనకు అన్నదమ్ములుంటే వాళ్లకూ ఒకసారి పొట్ట స్కానింగ్ తీయించు.

ఆదోని_అబ్బాయి:
చిన్నాయన ఉన్నాడక్కా, ఆయనా బీడీనే. సోమవారం బస్సుకు ఇద్దరినీ తీసుకొస్తా. నాయన మానేశానన్నాడు గానీ, కట్ట కొట్టం చూరులో దోపి పెట్టింది నేను చూసినా.