మావయ్యగారికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 172, ఓట్స్ ముట్టరు. ఏం చేయాలి?

జయనగర్ కోడలు:
మా మావయ్యగారికి 72 ఏళ్లు. గుంటూరు నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి, తిండి మార్చమన్నారు. మాత్ర వేసుకుంటున్నారు, పేచీ అంతా తిండి దగ్గరే. లాల్‌బాగ్‌లో నడక అయ్యాక స్నేహితులతో బెన్నె దోసె (వెన్న దోసె), సాయంత్రం బేకరీలో పఫ్, ఇంట్లో ముద్దపప్పు మీద ధారగా నెయ్యి. ఓట్స్ పెడితే "జ్వరం జావ నాకెందుకమ్మా" అన్నారు. ఆవకాయ జాడీ దాచేశాను, అప్పటి నుంచి నాతో మాటల్లేవు.

మల్లేశ్వరం తాతయ్య:
అమ్మా, ముందు ఆ జాడీ బయటపెట్టు. ఆవకాయలో ఉండేది నువ్వుల నూనె, ఎల్‌డీఎల్ పెంచేది అది కాదు. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉంటే ఒక్క ముక్కతో ఆగాలి. అసలు దొంగ బేకరీలో ఉన్నాడు. వనస్పతి లాంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వుకి 2022 నుంచి 2 శాతం పరిమితి పెట్టారు, నిజమే. కానీ బేకరీల్లో వాడే పామాయిల్లో దాదాపు సగం ఎల్‌డీఎల్ పెంచే సంతృప్త కొవ్వే. వెన్న, నెయ్యిలో సగానికి పైనే.

నాకూ స్టెంట్ పడింది. అయినా నెయ్యి మానలేదు. గిన్నె బల్ల మీద నుంచి వంటింట్లోకి వెళ్లింది, అంతే. మా ఆవిడ మొదటి ముద్దలో చిన్న చెంచాడు వేస్తుంది. నాకు ఒళ్లు మండేది ఒక్కటే: నాకు రవ్వ ఉప్మా పెట్టి, పక్కన మనవడికి పూరీలు వేయడం. ఏం వండినా ఇంటిల్లిపాదికీ అదే వండు.

బెన్నె దోసె మానమనకు, ఆదివారానికి మార్చమను. మిగతా రోజులు ఇడ్లీ తింటాడు. పూర్తిగా మానిపిస్తే స్నేహితులూ పోతారు, నడకా పోతుంది.

పెసరట్టు ప్రియ:
ఓట్స్‌తో బలవంతం ఎందుకండీ? అందులో పనిచేసేది కరిగే పీచు. బార్లీ, చిక్కుళ్లు, బెండకాయ, పప్పుల్లోనూ అది ఉంటుంది. పొట్టు పెసలతో కాస్త బార్లీ నానబెట్టి పెసరట్టు పోయండి, ఆయన కనిపెట్టలేరు. అన్నం తగ్గిస్తే పప్పు పెంచండి. ఈ వయసులో కడుపు మాడిస్తే కండ కరిగిపోతుంది.

వైట్‌ఫీల్డ్ వాసు:
ఒక్క మాట. రిపోర్టు బాగా వచ్చిందని మాత్ర ఆపనివ్వకండి. మా నాన్న డాక్టర్ని అడక్కుండా ఆపేశారు, మళ్లీ పెరిగింది.

జయనగర్ కోడలు:
జాడీ బయటపెట్టాను, "నీకిప్పుడు బుద్ధొచ్చింది" అన్నారు! మరి సాయంత్రం పఫ్‌కి బదులు ఏం పెట్టను?

మల్లేశ్వరం తాతయ్య:
గుగ్గిళ్లు. అలసందలు, శనగలు, సీజన్‌లో అవరెకాయ (అనపకాయ) గింజలు. బేరం ఆడే సరదా తీరేలా ఆయన్నే గాంధీ బజార్‌కి పంపు. తాలింపులో నూనె ఒక చెంచా చాలు, కొబ్బరి కోరు మాత్రం చూసి వెయ్యి.