ఈస్ట్ సీసాలో ముద్దలు కట్టడం లేదు, పాప ప్రాజెక్టుకు రెండు వారాలే ఉంది

ప్రశ్న:
మాది సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పాప తొమ్మిదో తరగతి. విజ్ఞాన ప్రదర్శనకు "ఏకపేశీయ నుంచి బహుపేశీయ" అనే అంశం తీసుకుంది. మరాఠీలో కణాన్ని పేశి అంటారట, నేను కండరాల గురించేమో అనుకున్నా. ఈస్ట్‌ని రోజూ సీసా అడుగు నుంచి తీసి కొత్త నీళ్లలో వేస్తూ పోతే కొన్నాళ్లకు ముద్దలు కడుతుందని చదివి, బేకరీ ఈస్ట్ ప్యాకెట్ తెప్పించింది. లీటరు సీసాలో చక్కెర నీళ్లు పోసి రాత్రంతా అలమారలో పెడుతుంది. పొద్దున అడుగు మడ్డి ఒక చెంచా తీసి మళ్లీ కొత్త నీళ్లలో కలుపుతుంది. తొమ్మిది రోజులైంది, ముద్దల్లేవు, పైగా పుల్లటి వాసన. మొన్న మూత తీస్తే బుస్సుమని సగం గోడ మీదికే పోయింది. చార్టు మాత్రం రెడీ: "ఏకీ హేచ్ బళ్", అంటే మన ఐకమత్యమే మహాబలం. తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు 1:
అన్నా, ముందు ఆ మూత తీసేసి దూది పెట్టండి. గ్యాస్ పోవడానికి దారి లేకపోతే సీసా పగులుతుంది.

ఇక అసలు తప్పు రాత్రంతా కదలకుండా ఉంచడం. అంతసేపు ఉంటే ఒంటి కణాలు కూడా అడుగుకు దిగిపోతాయి. మీ చెంచాలోకి అన్నీ వస్తాయి, అంటే అందరినీ పాస్ చేసిన పరీక్ష అన్నమాట. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాట్‌క్లిఫ్, ట్రావిసానో బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఈస్ట్‌ని రోజంతా ఊపుతూ పెంచారు. తర్వాత 45 నిమిషాలే కదలకుండా ఉంచి అడుగున చేరిన కొంచెమే తీసుకున్నారు. ఆ కాసేపట్లో దిగగలిగింది బరువైన గుంపులే. అలా పది గొట్టాల్లో వేరువేరుగా చేస్తే 60 రోజుల్లో పదింటిలోనూ గుంపులు వచ్చాయి. కాబట్టి మీరు కూడా సీసాను వీలైనన్నిసార్లు ఊపుతూ ఉండండి, పొద్దున గట్టిగా ఊపి, ముప్పావుగంట ఆగి తీయండి.

రెండోది, చక్కెర నీళ్లతోనే సరిపోదు. కొత్త కణం పుట్టాలంటే నత్రజని కావాలి. పెసరపప్పు కట్టు వడగట్టి, చక్కెర కలిపి, కుక్కర్‌లో 20 నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడండి. పుల్లటి వాసనంటే బ్యాక్టీరియా చేరినట్టే, ఆ సీసా పారబోసి కొత్తగా మొదలుపెట్టండి.

అయినా రెండు వారాల్లో ముద్దలు వస్తాయని పాపకు ఆశ పెట్టకండి. నేనైతే చూపించాల్సింది ముద్దలు కాదు, కణాలు ఎలా కలిసి ఉండిపోతాయన్నది అంటాను.

అడిగినవారు:
సరే అన్నా. మరి చార్టు మీద ఏం రాయాలి? కణాలన్నీ వచ్చి ఒక్కటయ్యాయనేగా?

జవాబు 1:
అక్కడే తిరకాసు. ఈ ఈస్ట్‌లో ఎవరూ ఎక్కడినుంచో వచ్చి కలవలేదు. తల్లి కణానికి మొగ్గ వేసి పిల్ల పుడుతుంది, ఎదిగాక మధ్య గోడ తెగి వేరుపడుతుంది. ఆ గోడను తెంపే ఎంజైములను పుట్టించే పని ఏస్2 అనే జన్యువు చేతిలో ఉంది. అది చెడితే పిల్లలు తల్లిని వదలరు, వాటి పిల్లలు వాటిని వదలవు. చూడటానికి మంచు రేకులా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. ఉమ్మడి కుటుంబం ఎలా వచ్చింది? అన్నదమ్ములు ఒప్పందం రాసుకుని కలిశారా, వేరు కాపురం పెట్టలేదంతే.

దీంట్లో ఒక లాభముంది. అంతా ఒకే కణం సంతానం, కాబట్టి ఒకటి చచ్చినా దాని జన్యువులే పక్కన బతుకుతాయి. డిక్టియోస్టీలియం అనే అమీబాల కథ వేరు. తిండి లేనప్పుడు వేలకొద్దీ వచ్చి ఒకచోట చేరి కాడ కడతాయి. దాదాపు ఐదో వంతు ఆ కాడగా మారి చచ్చిపోతాయి, మిగతావి పైన బీజాలవుతాయి. వచ్చినవన్నీ చుట్టాలు కావు కదా, కాడలోకి పోకుండా బీజాల్లోకి దూరే దొంగలు ఉంటాయి. చందా వేయకుండా వనభోజనానికి వచ్చేవాళ్లు మనకు తెలియరా.

ఈస్ట్‌లోనూ చందా ఉంది. మనం వేసే చక్కెరను అది గోడ దగ్గరే ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో విరగ్గొడుతుంది, వచ్చిన గ్లూకోజ్‌లో నూటికి 99 పాళ్లు పక్కవాటికే పోతుంది. చక్కెర బాగా తక్కువైతే ఒంటి కణం పెరగలేదు, గుంపు పెరుగుతుంది. ఒకదాని దగ్గర జారిపోయింది పక్కదానికి అందుతుంది మరి.

జవాబు 2:
మాది రాజురా, సోయా చేను. ప్రదర్శనలో జనానికి కంటికి కనిపించేది ఒకటైనా ఉండాలి బాబాయ్. పూత మీదున్న సోయా మొక్కను పీకకుండా తవ్వి తీయించండి, పీకితే వేరు బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు ఉంటే రైజోబియం, అంటే బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా, పనిచేస్తోందని అర్థం, తెల్లగా ఉంటే లేదని. పనిచేయని బుడిపెకు మొక్క ఆక్సిజన్ తగ్గిస్తుందని 2003లో ప్రయోగం చేసి చూపించారు. దొంగలకు శిక్ష అన్నమాట.

జవాబు 1:
మంచి మాట. కాకపోతే ఇది వేరువేరు జాతుల సహకారం, బహుకణ జీవి కాదు. పక్కన విడిగా పెట్టమనండి, కలిపితే జడ్జి పట్టుకుంటాడు.

అడిగినవారు (ఐదు రోజుల తర్వాత):
పప్పు కట్టుతో వాసన పోయింది. బడి మైక్రోస్కోపు కింద మొగ్గలు కనిపించాయి. రెండు మూడు అతుక్కున్నవి చూసి పాప ఎగిరి గంతేసింది. మంచు రేకు ఇదేనా?

జవాబు 1:
కాదు, మామూలు ఈస్ట్‌లో కూడా మొగ్గ ఊడేదాకా అలాగే ఉంటుంది. కొమ్మకు కొమ్మ వేస్తూ పెద్దగా ఉంటేనే లెక్క. ఇప్పుడు కనిపించిందే బొమ్మ గీసి, "వేరుపడే ముందు" అని కింద రాయమనండి. పక్కన 600 రోజుల లెక్క పెట్టండి: అదే రాట్‌క్లిఫ్ బృందం అన్నాళ్లు నడిపి, మొదటికంటే 20,000 రెట్లు పెద్దవైన, ఉత్త కంటికి కనిపించే గుంపులను 2023లో ప్రచురించింది. ప్రదర్శన రోజు సీసాకు దూది మర్చిపోవద్దు, ఎండలో పెట్టొద్దు.