పుట్టగొడుగుల సంచిలో పచ్చ బూజు, మధ్యలో గోధుమ గీత. ఏమిటిది?

పర్లాకిమిడి కోడలు:
నమస్కారమండీ. వెనక గదిలో నలభై సంచుల్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేశాను, ఇక్కడ ఒడియా వాళ్లు ఛతు అంటారు. పదకొండో రోజుకి ఆరు సంచుల్లో పచ్చ బూజు. ఒక సంచిని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. పైనుంచి మన పుట్టగొడుగు తెల్ల పోగు దిగింది, కిందనుంచి పచ్చది ఎక్కింది. కలిసేచోట సన్నటి గోధుమ గీత, డికాక్షన్‌తో గీసినట్టు. మూడు రోజులైనా పచ్చది దాన్ని దాటలేదు. ఇంకో సంచిలో గీతే లేదు, తెల్లదంతా మెత్తబడిపోయింది, దగ్గరికెళ్తే కొబ్బరి వాసన. గీత ఉన్నవి ఉంచుకోవచ్చా? దాచుకున్న డబ్బు పెట్టాను, చాలా టెన్షన్‌గా ఉంది. సంచుల్లో నింపే గడ్డిని వేడినీళ్లలో ఉడికించాం. ఆరబెట్టింది మాత్రం వరండాలో, మా ఆయన వంగతోటకి ఎండుతెగులు రాకుండా వేసే పొడిని పశువుల ఎరువులో కలిపే చోట.

బరంపురం విద్యార్థి:
అక్కా, పచ్చది ట్రైకోడెర్మా. ఆ కొబ్బరి వాసన దానిదే, పెంటైల్ పైరోన్ అనే పదార్థం. పక్క బూజుల్ని ఎదగనివ్వదు. తర్వాత వాటిని చుట్టుకుని, వాటి గోడలోని కైటిన్‌ని కరిగించే ఎంజైములు వదులుతుంది. తెల్లదీ ఊరుకోదు. ఎదురుపడగానే లాకేజ్ అనే ఎంజైమును ఎక్కువగా తయారుచేస్తుంది, ఆ చోట గోధుమ రంగు పేరుకుంటుంది. మీరు చూసిన గీత అది కట్టుకున్న గట్టు. నాకైతే ఈ పోరు ఎంత చూసినా తనివి తీరదు. వరికి కొట్టే బూజు మందు అజాక్సీస్ట్రోబిన్‌కి మూలం కూడా ఇలాంటిదే: పైన్ కాయల మీద పెరిగే చిన్న పుట్టగొడుగు, పక్క బూజుల శ్వాసక్రియను ఆపడానికి చేసుకున్న స్ట్రోబిలురిన్ అనే పదార్థం. దాన్ని 1977లో జర్మనీలో వేరుచేశారు.

గుణుపురం రైతు:
అమ్మా, ముందు ఆ పొడి ప్యాకెట్ మీద పేరు చదవండి. మా ఇంట్లో ఉన్నది ట్రైకోడెర్మానే. వంగ వేళ్ల దగ్గర తెగులు బూజుని చంపేది, మీ సంచిలో పుట్టగొడుగునీ వదలదు. పచ్చ పట్టినవేవీ గదిలో ఉంచకండి, గీత ఉన్నా సరే. విప్పి దులిపితే ఆ పచ్చ పొడి గాలికి అన్నిటి మీదా పడుతుంది. తడిగుడ్డ కప్పి మోసుకెళ్లి గోతిలో పూడ్చండి. ఈసారి గడ్డి నానబెట్టే నీళ్లలో సున్నం కలపండి, ముత్యపు చిప్ప తట్టుకుంటుంది, పచ్చదానికి సున్నం పడదు. గడ్డిని పిడికిట్లో పిండితే నీటి చుక్క కారకూడదు.

పర్లాకిమిడి కోడలు:
ప్యాకెట్ చూశానండీ, అదే పేరు. మా ఆయన ఆ పని పొలం గట్టుకి మార్చేశారు. అయిదు సంచులు పూడ్చాం. గీత ఉన్నదాన్ని మాత్రం పూడ్చబుద్ధి కాక, దూరంగా మామిడిచెట్టు కింద పెట్టాను. ఈ ఉదయం గీతకి పైన, తెల్లవైపు, మూడు మొగ్గలు వచ్చాయి.