నాన్నగారు పెళ్ళిళ్ళకు రావడం మానేశారు. వినికిడి తగ్గిన వాళ్ళున్న ఇళ్ళలో మీరు ఏం చేస్తున్నారు?

తెనాలి_చిన్నది:
నాన్నగారికి 69. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నాలుగేళ్ళుగా వినికిడి తగ్గుతోంది. రెండేళ్ళ కిందట రెండు చెవులకూ మిషన్లు కొన్నాం, డబ్బాతో సహా బీరువాలో ఉన్నాయి. "నాకు వినబడుతూనే ఉంది, మీరే నోట్లో నోట్లో గొణుగుతున్నారు" అంటారు. ఫోన్ మోగితే అమ్మ చేతికిచ్చేస్తారు. మొన్న పిన్ని కూతురి పెళ్ళికి రానన్నారు. ఒక్కో మాట మూడుసార్లు చెప్పలేక అమ్మ కూడా మాట్లాడటం తగ్గించేసింది. చెవి సంగతి అలా ఉంచి, ఇంట్లో మాటలే ఆగిపోయాయి.

గోదారి_గట్టు:
అమ్మా, నేను మీ నాన్నగారి పక్షం. నాకు 64. పదిమందిలో కూర్చుంటే ఎవరు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. ఒక గృహప్రవేశంలో బంతి భోజనాలు. పక్కాయన ఏదో చెబుతున్నాడు. వడ్డించేవాళ్ళ కేకలు, గరిటెల మోత, పైన మైకు. నాకు 'మా అన్నయ్య' అన్న మాట ఒక్కటే అందింది. ఏదో శుభవార్త అనుకుని నవ్వుతూ "చాలా సంతోషం" అన్నాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. వాళ్ళన్నయ్య పోయి అప్పటికి మూడు నెలలట. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఏ శుభకార్యానికీ వెళ్ళలేదు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల మీద నెట్టేవాణ్ణి.

సాంచాల_సిరిసిల్ల:
మా దగ్గర ఇది ముసలివాళ్ళ ముచ్చట కాదు. నాకు 46. ఇరవై రెండేళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. షెడ్డులో అందరం పెదవులు చూసి, చేతులతో సైగ చేసి మాట్లాడుకుంటాం, అక్కడ నాకు ఏ లోటూ తెలియదు. ఇంటికొస్తేనే చెవిటోణ్ణి. పడుకున్నా చెవుల్లో సాంచా నడుస్తున్నట్టే హోరు. "నాయినా, ఎందుకు ఒర్రుతావు" అని బిడ్డ ఒకరోజు ఏడ్చింది. నేను మామూలుగానే మాట్లాడుతున్నా అనుకున్నాను.

ఆడియాలజీ_అక్క:
వినికిడి పరీక్షల పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. "గొణుగుతున్నారు" అనేది ఆయన మొండితనం కాదండీ, ఆయనకు నిజంగా అలాగే వినబడుతుంది. వయసుతో ముందు తగ్గేది సన్నని శబ్దాలు. అచ్చులు బాగానే అందుతాయి. స, చ, త, క లాంటి హల్లులు రాలిపోతాయి. కాలు, పాలు, చాలు మూడూ ఆయనకు 'ఆలు'. ఏదన్నది మీ పెదవులు, సందర్భం చూసి ఊహించుకోవాలి. సాయంత్రానికి అలసిపోయి చిరాకుపడేది అందుకే. మీరు అరిస్తే పెరిగేది అచ్చులే. పైగా దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, కాస్త పెంచితే చురుక్కుమంటుంది. "ఏంటీ?" అన్న మనిషే మరుక్షణం "ఎందుకలా అరుస్తావ్" అంటారు. ఎదురుగా, వెలుగులో కూర్చుని కాస్త నిదానంగా చెప్పండి.

మిషన్ పెట్టి నేరుగా పెళ్ళికి తీసుకెళ్ళకండి. ముందు ఇంట్లోనే రోజూ గంట, తర్వాత మెల్లగా పెంచండి. సొంత గొంతు బిందెలో మాట్లాడినట్టుందన్నా, మిషన్ కుయ్యిమంటున్నా తెచ్చిన చోటికే వెళ్ళి సెట్ చేయించండి. ఆ రెండో సిట్టింగ్‌కు చాలామంది రారు. కొంప మునిగేది అక్కడే.

ఎడమవైపు_కూర్చోండి:
నాకు 27. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి కుడి చెవి పూర్తిగా పోయింది. ఆఫీసు క్యాంటీన్‌కు అందరికన్నా ముందే వెళ్ళి, కుడి పక్క గోడ ఉండే కుర్చీ పట్టుకుంటాను. ఆలస్యమైందా, ఆ మధ్యాహ్నం నాకు కబుర్లు లేవు. కుడివైపు నుంచి పిలిస్తే పలకనని 'పొగరు' అన్న పేరొచ్చింది. వికలాంగుల సర్టిఫికెట్ అడిగితే 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్క రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి, నాది ఒక్కటేగా. సంబంధాలు చూసేటప్పుడు చెప్పొద్దని అమ్మ పోరు. నేను చెప్పేస్తున్నాను. రెండు తప్పిపోయాయి. మీటింగ్‌లో ఎవరైనా 'చెవిటివాడి ముందు శంఖం' అంటే అందరితోపాటు నవ్వుతాను, గోదారి గట్టు గారిలాగే.

నెల్లూరు_చేపలపులుసు:
డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఒక మాట. 60 దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి మిషన్ ఉచితం. 2017 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైంది మా నెల్లూరులోనే. క్యాంపులు పెట్టి ఇస్తారు, కనుక్కుంటూ ఉండాలి.

తెనాలి_చిన్నది:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. గోదారి గట్టు గారి పోస్టు నాన్నగారికి ఫోన్లో చూపించాను. రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా ఫోన్ ఇచ్చేశారు. మర్నాడు పొద్దున బీరువా తాళం అడిగారు. సెట్టింగ్ మార్పించాం, ఇప్పుడు రోజుకు రెండు గంటలు పెట్టుకుంటున్నారు. పెళ్ళిళ్ళకైతే ఇంకా రానంటున్నారు. నిన్న పేపర్ చదువుతూ, "గిన్నెలు ఎందుకలా విసిరేస్తున్నావ్?" అని వంటింట్లోకి కేకేశారు. అమ్మ తల బయటపెట్టి, "నాలుగేళ్ళుగా విసురుతున్నానండీ" అంది.