బెర్నబెవ్‌లో 3-2: లమీన్ బంతి గీత దాటిందా, దాటలేదా?

రాత్రిపిట్ట (22 ఏప్రిల్ 2024, ఉదయం 9:10)
మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబెవ్‌లో బార్సిలోనాతో మ్యాచ్, రాత్రి 12:30కి మొదలైతే పడుకునేసరికి మూడయింది. ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. మాడ్రిడ్ రెండుసార్లు వెనకబడి రెండుసార్లూ లేచింది, 91వ నిమిషంలో బెల్లింగ్‌హామ్ ఎడమకాలితో ముగించాడు. మూడు సంగతులు అడగాలి.
ఒకటి, స్పెయిన్ లీగ్‌లో మాకు 11 పాయింట్ల ఆధిక్యం, ఇంకా ఆరు మ్యాచ్‌లు. లీగ్ అయిపోయినట్టేనా? రెండు, ఆలస్యం లేకుండా లైవ్ వచ్చే దారి ఏది? మూడు, మా మొదటి కీపర్ కోర్టువా తిరిగొస్తే ఇప్పుడు ఆడుతున్న లునిన్ గతేంటి?

కులే_కాకినాడ
మూడు ప్రశ్నలెందుకండీ, ఉన్నది ఒకటే. 28వ నిమిషంలో కార్నర్‌కి మా బార్సిలోనా లమీన్ కాలు తగిలించాడు, లునిన్ గీత దగ్గర తోశాడు. అది గోలా కాదా? అప్పటికి స్కోరు 1-1. అది ఇచ్చి ఉంటే మీ బెల్లింగ్‌హామ్ చేతులు చాపుకుని నిలబడేవాడు కాదు. ప్రపంచంలో ఇంత డబ్బున్న లీగ్‌లో బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీ లేదు. ఇంగ్లండ్‌లో 2013 నుంచి ఉంది. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ 2015లో పెట్టుకున్నాయి. మనకి మాత్రం లీగ్ ప్రెసిడెంట్ టెబాస్ గారి పొదుపు!

తెల్లచొక్కా_తార్నాక
మళ్లా షురూ అయిందా. ఓడిన ప్రతిసారి మీకు గీత యాదికొస్తది. మా లూకాస్ వాస్కెజ్ గురించి ఒక్కడన్న మాట్లాడిండా? పెనాల్టీ తెచ్చింది ఆయన, 73ల గోల్ కొట్టింది ఆయన, ఆఖరి గోల్‌కి బాల్ వేసింది ఆయన. నాలుగు రోజుల ముందే చాంపియన్స్ లీగ్‌ల మాంచెస్టర్ సిటీ మీద 120 నిమిషాలు ఆడి పెనాల్టీల్ల గెలిచిన టీమ్ ఇది. మీరేమో 16 నాడు పారిస్ చేతిల 4-1 తిని ఇంట్ల కూసున్నరు. అలుపు ఎవరికుండాలె చెప్పు?

నీలిగళ్ల_చొక్కా
పెనాల్టీ "తెచ్చింది" అని మీరే ఒప్పుకున్నారు, సంతోషం. మా కుబార్సీ కాలు తగిలిందో, గాలి తగిలిందో. మా డి యాంగ్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు, దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు.

గీతల_మాస్టారు
అందరూ కాస్త ఆగండి. 18 ఏళ్లుగా జిల్లా మ్యాచ్‌లకి ఈల పట్టుకుంటున్నవాణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. బంతి మొత్తం గీతని మొత్తం దాటాలి. "కొంచెం లోపలికి వెళ్లింది" అనేది గోల్ కాదు. గీత వెడల్పు 12 సెంటీమీటర్లకి మించదు, బంతి అడ్డకొలత దాదాపు 22. పక్కనుంచి చూస్తే బంతి అడుగుకీ గీతకీ మధ్య గడ్డి కనిపిస్తుంది, అయినా బంతి పొట్ట గీత మీదే ఉంటుంది. వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి గచ్చు మీద రెండు బండలు కలిసే గీతకి ఆనించి పెట్టండి. సోఫాలో కూర్చుని చూస్తే దాటినట్టుంటుంది. నిలబడి సరిగ్గా పైనుంచి చూడండి, గీత కనిపించదు.
క్రికెట్ బుర్రతో చూస్తే ఇది ఎక్కదు. అక్కడ బ్యాట్ గీత మీద ఉంటే అవుట్, ఇక్కడ బంతి గీత మీద ఉంటే ఆట నడుస్తున్నట్టే.

కులే_కాకినాడ
మాస్టారూ, మీ పాఠం బాగుంది గానీ రాత్రి మీరు పైనుంచి చూశారా? ఎవరూ చూడలేదు. ఉన్న కెమెరాల్లో ఒక్కటీ తేల్చలేకపోయిందనే కదా వీఏఆర్ (వీడియో రిఫరీ) వాళ్లు వదిలేసింది. నేను గోల్ అని ఒట్టేయడం లేదు. తేల్చే సాధనం పెట్టకుండా "తేలలేదు" అనడం ఏం న్యాయం అంటున్నా. తూకం రాళ్లు కొనకుండా కొట్టు తెరిచినట్టుంది.

పులిహోర_బ్యాచ్
నిమ్మకాయ ప్రయోగం చేశాను. మాస్టారు చెప్పింది నిజం. నేల మీద బోర్లా పడుకుని ఒంటికన్ను మూసి చూస్తుంటే అమ్మ వచ్చి "ఏమైందిరా" అంది. లమీన్ గోల్ అన్నాను. నిమ్మకాయ తీసుకెళ్లి పప్పులో పిండేసింది. సాక్ష్యం మాయం.

తెల్లచొక్కా_తార్నాక
సాధనం సాధనం అని మొత్తుకుంటున్నవ్ గదా కాకినాడ అన్నా, 2020 జూన్‌ల ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్ యాదికున్నదా? గోల్‌కీపర్ బాల్ పట్టుకొని గోల్ లోపలికే పోయిండు, రిఫరీ గడియారం మోగలే. ఏడు కెమెరాలకు మనుషులు అడ్డమొచ్చిన్రంట! ఆ ఒక్క పాయింట్‌తోనే విల్లా లీగ్‌ల నిలిచింది, బోర్న్‌మత్ కిందికి పోయింది. మిషన్ ఉంటే అంత సాఫ్ అనుకోకు.

కులే_కాకినాడ
వేల మ్యాచ్‌ల్లో ఒకసారి తప్పిందని అసలు వద్దంటావా? బస్సు బ్రేకులు ఒకసారి ఫెయిలయ్యాయని బ్రేకుల్లేని బస్సెక్కుతావా?
మావి నేను చెప్తా విను. 2017 జనవరిలో బెటిస్ మీద బంతి గీత దాటి ఎంత లోపలికి వెళ్లిందో ఇవాళ్టికీ ఫొటో ఉంది. ఇవ్వలేదు, 1-1. అదే ఏడాది నవంబర్‌లో వాలెన్సియాలో మెస్సీ కొట్టిన బంతి కీపర్ నెటో చేతిలోంచి జారి లోపలికి పోయింది. ఇవ్వలేదు, మళ్లీ 1-1. ఈ లీగ్‌కి వీఏఆర్ వచ్చింది 2018లో. అంటే నేర్చుకోడానికి రెండు పాఠాలు ముందే అందాయి. నేర్చుకున్నారా?

రాత్రిపిట్ట
బాబూ, నా రెండో ప్రశ్న...

బార్సిలోనాలో_భీమవరం
నేనిక్కడ ఎమ్మెస్ చేస్తున్నానండి. రాత్రి బార్‌లో చూశాం. లమీన్ బంతికి బార్ మొత్తం లేచి అరిచింది. రిఫరీ సోటో గ్రాడో చెవి పట్టుకుని నిలబడ్డంతసేపూ గ్లాసులు గాల్లోనే ఉన్నాయి. ఇవ్వలేదని తెలిశాక నా పక్కన ఓ పెద్దాయన ఏమీ అనకుండా ఆలివ్ గింజలు ఒక్కొక్కటే ప్లేటు అంచు మీద వరసగా పేర్చాడు. గీత కాబోలు! అక్టోబర్‌లో మాంజుయిక్ కొండ మీద జరిగిన మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళ్లాను. అది కూడా ఒక్క గోల్ తేడానే, మాడ్రిడ్‌కి 2-1, అక్కడా బెల్లింగ్‌హామే, అదీ 92లో. ఇంక టికెట్ కొనను.

తెల్లచొక్కా_తార్నాక
భీమవరం అన్నా, నువ్వు పోయిన మ్యాచ్‌లన్నీ మేమే గెలుస్తున్నం. వచ్చేసారి టికెట్ పైసలు నేనిస్త.

పాతబస్తీ_ఫార్వర్డ్
పిల్లలు స్పెయిన్ గీతల కోసం కొట్లాడుకుంటున్నారు, చూస్తుంటే సరదాగా ఉంది. ఒక్క గోల్ తేడాతో గెలవడం అంటే ఏంటో మన జట్టు కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ చూపించారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్, కొరియా మీద 2-1. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. అప్పటికే ఆయనకి క్యాన్సర్, మరుసటేడు పోయారు. ఈ నెలలో హిందీలో సినిమా వచ్చాక ఆయన పేరు అందరి నోళ్లలో నానుతోంది. మా అబ్బాయికి మాత్రం మాడ్రిడ్ బెంచీ మీద కూర్చునేవాళ్ల పేర్లు కూడా కంఠతా వచ్చు.

నీలిగళ్ల_చొక్కా
పెద్దాయనా, నమస్కారం. కానీ ఇక్కడ విషయం అది కాదు.

పాతబస్తీ_ఫార్వర్డ్
విషయం ఏదో మీలో ఒక్కరికైనా తెలుసా నాయనా?

గీతల_మాస్టారు
నాకు తెలుసు. ఒక్క విషయం అడుగుతా, మొదటి గోల్ ఎవరి తప్పు? రఫీన్యా కార్నర్‌కి లునిన్ బయటికొచ్చి గాలిని గుద్దాడు, క్రిస్టెన్సెన్ తలతో పెట్టాడు. అప్పటికి ఆరు నిమిషాలే. సిటీ మీద రెండు పెనాల్టీలు ఆపిన మనిషే ఇతను! రాత్రిపిట్ట గారి మూడో ప్రశ్నకి నా జవాబు ఇదే, కోర్టువా వస్తే కోర్టువాయే.

తెల్లచొక్కా_తార్నాక
మాస్టారూ ఈల ఊదుకోండ్రి, కీపర్ల జోలికి రాకుండ్రి. సీజనంతా మోసింది లునిన్.

కులే_కాకినాడ (23 ఏప్రిల్)
లాపోర్టా మాట్లాడాడు చూశారా? ఆ ఫుటేజీ, ఆడియో అడుగుతాడట. గోల్ అని తేలితే మ్యాచ్ మళ్లీ ఆడించమంటాడట. మా ప్రెసిడెంటే అయినా చెప్తున్నా, ఇది ఎవరూ నమ్మని మాట. అడగాల్సింది మళ్లీ ఆట కాదు, కెమెరాలు.

తెల్లచొక్కా_తార్నాక
ఈ ఒక్క పోస్టుకు నేను లైక్ కొడుతున్న. స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.

హాస్టల్_వైఫై
రాత్రిపిట్ట గారూ, ఆలస్యం గురించి నా అనుభవం. పక్క గదిలో వాడి ఫోన్ నాకంటే అరనిమిషం ముందు నడుస్తుంది. 90 దాటింది, నా తెర మీద బంతి ఇంకా మధ్యలోనే తిరుగుతోంది, గోడ అవతల్నించి "బెల్లీఈఈ" అని కేక! ఆ తర్వాత లూకాస్ బంతి వేయడం, అది జోసెలూని దాటిపోవడం అంతా చూశాను గానీ, తెలిసిన పెళ్లికి వెళ్లినట్టుంది. మందు ఒకటే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు గట్టిగా పెట్టుకుని వాట్సాప్ కట్టేయండి.

రాత్రిపిట్ట (5 మే)
నా మొదటి ప్రశ్నకి నిన్న జవాబొచ్చింది. మాడ్రిడ్ కాడిజ్ మీద 3-0, బార్సిలోనా జిరోనాలో 4-2తో ఓడింది, లీగ్ అయిపోయింది. అక్కడా మొదటి గోల్ క్రిస్టెన్సెన్‌దే. 8న చాంపియన్స్ లీగ్‌లో బేయర్న్‌తో రెండో మ్యాచ్, మొదటిది 2-2. అది వేరే యాప్‌లో వస్తుంది. దాంట్లో ఎంత ఆలస్యమో ఎవరైనా చూసి చెప్తారా? మా పక్క ఫ్లాటువాడు కూడా మాడ్రిడే.

కులే_కాకినాడ
అక్కడ గోల్‌లైన్ టెక్నాలజీ ఉంటుంది లెండి. హాయిగా చూడండి.