సినిమా హాలు సౌండ్‌లో హమ్: సౌండ్‌కు వేరే ఎర్త్ పిట్ తవ్వించాలా, వద్దా?

హాలు నిర్వాహకుడు:
మాది జిల్లా కేంద్రంలో ఉన్న ఒకే తెర సినిమా హాలు. సొంత ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ ఉన్నాయి. ఇటీవలి మరమ్మతుల్లో ఆంప్లిఫైయర్ల ర్యాక్‌ను ప్రొజెక్షన్ గది నుంచి తెర వెనుకకు మార్పించాము. స్పీకర్ వైర్ల పొడవు తగ్గుతుందన్న ఉద్దేశంతో చేసిన పని అది. ఆంప్లిఫైయర్లకు సౌండ్ సిగ్నల్ పంపే ప్రాసెసర్ మాత్రం ప్రొజెక్షన్ గదిలోనే ఉంది. అప్పటి నుంచి మాటలు లేని సన్నివేశాల్లో తెర వెనుక స్పీకర్లన్నిటి నుంచీ హమ్ (ఆగకుండా గుంయ్‌మనే మోత) వినిపిస్తోంది. లైట్లు నెమ్మదిగా ఆరేటప్పుడు దానికి గరగరమనే జీర కూడా తోడవుతోంది. సౌండ్‌కు ప్రత్యేకంగా రాగి పలకతో ఎర్త్ పిట్ వేయించి, భవనం ఎర్త్‌తో సంబంధం పూర్తిగా తెంచేయాలని మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఆంప్లిఫైయర్ ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను తీసేస్తే చాలని మరొకరు చెబుతున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పవలసిందిగా మనవి.

సౌండ్ మెకానిక్:
మూడో పిన్ను తీయడం ప్రాణాలతో చెలగాటం, దాని జోలికి వెళ్లకండి. వేరే పిట్ విషయంలో మాత్రం మీ ఎలక్ట్రీషియన్ మాటతో నేను ఏకీభవిస్తాను. రీళ్ల కాలంలో ఎక్సైటర్ ల్యాంపు వెలుగు ఫిల్ము అంచున ఉండే సౌండ్‌ట్రాక్ గుండా, వెలుగును కరెంటుగా మార్చే సోలార్ సెల్ మీద పడేది. ఆ ల్యాంపుకు ఇచ్చే డీసీలో కొంచెం అల మిగిలినా అది 100 హెర్ట్‌జ్ హమ్‌గా తెర వెనుక పలికేది. సెల్ నుంచి వచ్చే సిగ్నల్ అతి స్వల్పం, పక్కనే ప్రొజెక్టర్ జినాన్ ల్యాంపుకు ఏసీని డీసీగా మార్చి ఇచ్చే రెక్టిఫయర్. అటువంటి చోట సౌండ్‌కు విడిగా పిట్ ఇస్తే హమ్ తగ్గడం స్వయంగా విన్నాను. ఏసీ కంప్రెసర్లు, మోటార్ల లీకేజీ అంతా భవనం ఎర్త్‌లో పారుతున్నప్పుడు సున్నితమైన పరికరాలను కూడా దానికే కట్టడం ఎలా సబబవుతుందో నాకు అర్థం కాదు.

ఎలక్ట్రికల్ ఇంజినీరు:
మెకానిక్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఈ సలహాను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. విడి పిట్ నిరోధం 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ నిరోధం 1 ఓము అనుకోండి. ఆంప్లిఫైయర్ లోపల ఫేజ్ తీగ ఊడి పెట్టెకు తగిలితే కరెంటు మట్టి గుండానే తిరిగి వెళ్లాలి కనుక 230 వోల్టులను 6 ఓములతో భాగించగా వచ్చేది సుమారు 38 ఆంపియర్లే. కరెంటు మితిమీరితే పడి సరఫరాను ఆపే 32 ఆంపియర్ల ఎంసీబీకి ఇది స్వల్పమైన అధిక భారం మాత్రమే, అది చాలాసేపటి వరకు పడకపోవచ్చు. అంతసేపూ ర్యాక్ పెట్టె మీద 190 వోల్టుల పైచిలుకు నిలిచి ఉంటుంది. అదే ర్యాక్‌ను రాగి తీగతో ప్రధాన ఎర్త్ బార్‌కు, దాని ద్వారా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు కలిపి ఉంటే వందల ఆంపియర్లు పారి ఎంసీబీ తక్షణం పడుతుంది. ఎర్త్ పిట్లు ఎన్ని ఉన్నా వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలనే నియమం ఇందుకే ఉంది. దగ్గర్లో పిడుగు పడినప్పుడు కలపని రెండు పిట్ల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు, ఆ తేడా మీ సిగ్నల్ కేబుల్ గుండానే సర్దుబాటవుతుంది.

సౌండ్ మెకానిక్:
ఆ ప్రమాదానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను ఆపే స్విచ్చు) పెడితే సరిపోదా? మీ లెక్కను నేను కాదనడం లేదు. కానీ విడి పిట్‌తో హమ్ పోవడం చాలా హాళ్లలో విన్న విషయం. అది ఎందుకు పోయిందో కూడా మీరు చెప్పాలి కదా.

ఎలక్ట్రికల్ ఇంజినీరు:
ఆర్‌సీసీబీ మంచిదే. అయితే ఆంప్లిఫైయర్లలోనూ, ప్రాసెసర్‌లోనూ ఉండే ఫిల్టర్ల నుంచి ఒక్కోదానికి కొన్ని మిల్లీఆంపియర్లు సహజంగానే ఎర్త్‌లోకి వెళతాయి. పదింటిని ఒకే ఆర్‌సీసీబీ మీద పెడితే అది ఆట మధ్యలో పడుతుంది, ఆ తర్వాత ఎవరో ఒకరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. మీ రెండో ప్రశ్నకు సౌండ్ పని తెలిసినవారు జవాబు చెబితే మంచిది.

ఆడియో సిస్టమ్ డిజైనరు:
హమ్‌ను తగ్గించింది పిట్ కాదు, తెగిపోయిన లూప్, అంటే ఎర్త్ తీగలూ సిగ్నల్ కేబుళ్లూ కలిసి ఏర్పరచే వలయం. ప్రొజెక్షన్ గది ఒక పానెల్ నుంచీ, తెర వెనుక ర్యాక్ మరో పానెల్ నుంచీ ఎర్త్ తీసుకుంటున్నప్పుడు ఆ రెండు చోట్లా ఎర్త్ సరిగ్గా ఒకే వోల్టేజీలో ఉండదు. రెంటినీ కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల సౌండ్ కేబుల్) షీల్డు గుండా, అంటే లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు గుండా, ఆ తేడా కరెంటుగా పారుతుంది. పారినంత మాత్రాన హమ్ రావాలని లేదు. పరికరంలో షీల్డు వచ్చి చేరే ఒకటో పిన్నును నేరుగా లోహపు పెట్టెకు కట్టి ఉంటే ఆ కరెంటు పెట్టె మీదుగానే వెళ్లిపోతుంది. దాన్ని సర్క్యూట్ బోర్డు గ్రౌండ్‌కు కట్టినప్పుడే షీల్డు కరెంటు సిగ్నల్‌లో కలుస్తుంది. ఆడియో ఇంజినీరు నీల్ మన్సీ 1995లోనే ఈ లోపాన్ని వివరంగా చూపించారు, 2005లో వచ్చిన ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ ప్రమాణం ఏఈఎస్ 48 కూడా షీల్డును పెట్టెకే కట్టమంటుంది.

రీళ్ల కాలంలో సౌండ్ వ్యవస్థ దాదాపు ఒంటరిగా ఉండేది కాబట్టి విడి పిట్‌తో లూప్ తెగేది. ఇప్పుడు ప్రాసెసర్‌కు సర్వర్, ప్రొజెక్టర్, లైట్ల నియంత్రణ పెట్టె అన్నీ కేబుళ్లతో కలిసి ఉంటాయి, అవి భవనం ఎర్త్ మీదే ఉంటాయి. అటువంటి చోట విడి పిట్ లూప్‌ను తెంచకపోగా, ఆ కేబుళ్ల రెండు కొసల మధ్య తేడాను పెంచుతుంది.

నిర్వాహకులు ఏ పిట్ తవ్వించడానికైనా ముందు హమ్ ఎక్కడ చేరుతోందో చూడాలి. పవర్ ఆపి ఆంప్లిఫైయర్ల ఇన్‌పుట్ కేబుళ్లు తీసి, మళ్లీ పవర్ ఇవ్వండి. అప్పటికీ హమ్ ఉంటే తప్పు ఆంప్లిఫైయర్లలోనే, లేకపోతే కేబుల్ దారిలోనో ప్రాసెసర్ వైపో ఉన్నట్టు. ఆ తర్వాత తెర వైపు పానెల్‌కు వచ్చే ఎర్త్ తీగకు క్లాంప్ మీటర్ (తీగను తెంచకుండా కరెంటు కొలిచే మీటరు) తగిలించి చూడండి. ఎర్త్ తీగలో మామూలుగా మిల్లీఆంపియర్ల లీకేజీ తప్ప ఏమీ ఉండకూడదు, ఆంపియర్లు కనిపిస్తే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉంది.

హాలు నిర్వాహకుడు:
చెప్పినట్టే చేయించాము. ఇన్‌పుట్ కేబుళ్లు తీయగానే స్పీకర్లు నిశ్శబ్దమయ్యాయి. ఎర్త్ తీగలో మాత్రం ఆట లేని సమయంలో కూడా 3 ఆంపియర్ల దాకా కరెంటు కనిపించింది. వెతికితే, అదే పానెల్ నుంచి వెళ్లే క్యాంటీన్ బోర్డులో న్యూట్రల్ బార్‌నూ ఎర్త్ బార్‌నూ ఒక ముక్క తీగతో కలిపి ఉంచారని తేలింది. ఫ్రిజ్‌ల కరెంటులో కొంత ఎర్త్ తీగ మీదుగా తిరిగి వస్తోందన్నమాట. ఆ ముక్క తీయించాక హమ్ చెవి పెట్టి వింటే తప్ప తెలియడం లేదు. లైట్లు ఆరేటప్పటి జీర మాత్రం ఇంకా ఉంది.

ఆడియో సిస్టమ్ డిజైనరు:
లైట్లను నెమ్మదిగా ఆర్పే డిమ్మర్ ఏసీ ప్రతి అర్ధ చక్రంలోనూ కరెంటును మధ్యలో ఒక్కసారిగా మొదలుపెడుతుంది, అందువల్ల పుట్టే పై పౌనఃపున్యాలే ఆ జీర. సిగ్నల్ కేబుళ్లు డిమ్మర్ తీగలతో ఒకే ట్రేలో వెళుతున్నాయేమో చూడండి. వెళుతుంటే విడదీయించండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. మిగిలిన ఆ కొద్దిపాటి హమ్ కూడా ఇబ్బందిపెడితే రెండు వైపులనూ తీగతో కలపకుండానే సిగ్నల్‌ను దాటించే 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆంప్లిఫైయర్ ఇన్‌పుట్‌కు దగ్గరగా పెట్టవచ్చు. క్రికెట్ ప్రత్యక్ష ప్రసారాల కోసం డీటీహెచ్ పెట్టె కలిపే హాళ్లలో ఇది మరీ అవసరం, ఎందుకంటే మేడ మీద డిష్ ఎర్త్ అయి ఉంటే ఆ కేబుల్ ద్వారా కొత్త లూప్ వస్తుంది.

సౌండ్ మెకానిక్:
క్యాంటీన్ బోర్డు సంగతి విన్నాక పిట్లను విడదీయాలన్న వాదన ఇక్కడ నిలవదని ఒప్పుకుంటున్నాను. అయినా సౌండ్ ర్యాక్‌కు దారిలో మరే బోర్డునూ తాకకుండా ప్రధాన ఎర్త్ బార్ నుంచి విడిగా ఒక తీగ లాగాలన్న పట్టు మాత్రం వదలను. ఈ క్యాంటీన్ పని ఇంకెవరో రేపు మళ్లీ చేయరన్న భరోసా లేదు.

ఎలక్ట్రికల్ ఇంజినీరు:
విడి తీగకు అభ్యంతరం లేదు, సొంత పవర్ లైనుతో కలిపి ఒకే దారిలో లాగించండి. కోరుకుంటే సౌండ్ వైపు కొత్త పిట్ కూడా వేయించుకోవచ్చు, కానీ దాన్ని తప్పనిసరిగా ప్రధాన బార్‌కు కలపాలి. పిట్ల నిరోధాన్ని వానలు పడ్డాక కాకుండా ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండిపోయినప్పుడు కొలిపించండి.